నడువదగిన పేట

ఇల్లు వెదకికొనువారు గదులెన్ని యని యడుగుదురు. వాకిలి తూర్పో యుత్తరమో విచారింతురు. నీటివసతిని గూర్చియు, మోటారుబండి నిలుపుకొను చోటును గూర్చియు రెట్టించి రెట్టించి యడుగుదురు. ఆ యింటినుండి పదియేండ్ల పిల్ల తోడు లేక యెంతదూరము పోయి రాగలదు? డెబ్బది దాటిన వృద్ధురాలు ఒకరి చేయి పట్టుకొనక కూరగాయల యంగడికి పోగలదా? ఈ ప్రశ్న లడిగినవారిని నేనింతవఱకు చూడలేదు. నే నడుగుచున్నాను గనుకనే మా యింట రెండేండ్లుగా ఒక చర్చ తెగక సాగుచున్నది. ఆ చర్చనే చదువరుల ముందుంచుచున్నాను.

మేము కాకినాడ విడిచి బెంగుళూరు చేరి పదునాలుగేండ్లయినది. నాటినుండియు మల్లేశ్వరమున అద్దెయింటనే యున్నాము. మావారు పనిచేయు కార్యాలయము నగరపు తూర్పుకొసను ఉన్నది. రాకపోకలకు దినమునకు మూడుగంటలు పట్టును. కావున సర్జాపురము త్రోవలో, ఎత్తైన ప్రహరీగోడ లోపల కట్టిన యొక నివాససముదాయమున ఇల్లు కొందమని వారి యభిప్రాయము. అందు ఈతకొలను కలదు, పిల్లల యాటస్థలము కలదు, ద్వారమున కావలివాండ్రు కలరు. లేనిదొక్కటే: గోడ దాటి నడచిపోవుటకు ఒక చోటు. పాలప్యాకెట్టు మొదలు పంటివైద్యుని వఱకు దేనికైనను బండి యెక్కవలసినదే, లేదా ఫోనులో చెప్పి తెప్పించుకొనవలసినదే. వారి వాదము త్రోసివేయదగినది కాదు. దినమునకు మూడుగంటలనిన ఏడాదికి ఎన్ని దినములగునో లెక్కవేసి కాగితముమీద నాకు చూపిరి. ఆ లెక్కలో ఇంటనున్న తక్కిన ముగ్గురి కాళ్లు చేరలేదని నా యాక్షేపణ.

ఈ పేట పుట్టుకకు మూలము ఒక విపత్తు. 1898వ సంవత్సరమున బెంగుళూరు పాతపేటలో ప్లేగు ప్రబలినది. గాలివెలుతురులు చొరని యిఱుకుసందులలో జనులు పిట్టలవలె రాలిరి. అంతట మైసూరు సంస్థానమువారు నాటి యూరికి వెలుపల, వాయవ్యమున మల్లేశ్వరమును, దక్షిణమున బసవనగుడిని క్రొత్తపేటలుగా నేర్పఱచి వానిని ఎక్స్‌టెన్షన్లనిరి. మల్లేశ్వరమను పేరు మాత్రము క్రొత్తది కాదు. కాడు మల్లేశ్వరుని గుడినిబట్టి వచ్చినది. శివాజీ సవతితమ్ముడగు ఏకోజీ 1669లో ఆ గుడికి గ్రామదానము చేసినట్లు శాసనము కలదు. కాడనగా కన్నడమున అడవి. నేటి పేటలో అడవి యానవాలు ఆ గుడి చుట్టునున్న చెట్లు మాత్రమే; దక్షిణపు టంచున 2014 నుండి మెట్రోరైలు స్టేషను కూడ కలదు.

వీథులను రూళ్లకఱ్ఱ పెట్టి గీచినట్లు తీర్చిరి. ఉత్తరదక్షిణములుగా మెయిన్లు, తూర్పుపడమరలుగా క్రాసులు. వానికి వరుసగా అంకెలు. అక్షరము రానివారికిని వ్రేళ్లు మడిచి లెక్కింప వచ్చినచో ఇల్లు దొరకును. పెద్దవీథులు రెంటికి చెట్ల పేర్లు: సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు. సంపెంగ తన దేశిపేరు నిలుపుకొనగా వేపచెట్టునకు ఆంగ్లనామమేల దక్కినదో నాకు బోధపడదు. నాటి యధికారులు నడువదగిన పేటను కట్టవలెనని సంకల్పము చేసికొని కట్టిరని నేననను. అప్పటికి వీథులలో మోటారులు లేవు. జట్కా అందఱికి అందునది కాదు. అంగడి, బడి, గుడి కాలినడకకు అందకున్నచో అక్కడ ఎవరు కాపురముందురు? అవసరమే యిట్లు గీయించినది. దాని ఫలమును నూటయిరువదియేండ్లు దాటిన పిమ్మట మేమనుభవించుచున్నాము.

ఆ ఫలమెట్టిదో మా యత్తగారివలన నాకు తెలిసినది. మామగారు కాలము చేసి పదియేండ్లయినది. ఆరేండ్ల క్రిందట ఆమె మాయొద్దకు వచ్చిరి. కన్నడము రాదు, హిందీ యంతకన్న రాదు. మొదటి మూడునెలలు కిటికీయొద్ద కూర్చుండి వీథి చూచుటయే పని. బయటికి రమ్మనిన 'నాకెందుకమ్మా' అనెడివారు. కారణము మోకాలినొప్పి కాదని నాకు కొన్నాళ్లకుగాని తెలియలేదు. ఆమె పెరిగిన యూరిలో, ఆమె తరములో, భర్త పోయిన స్త్రీ గడప దాటునప్పుడు వీథి కిరువంకల చూచి, ఎవరైనను పనిమీద బయలుదేరుచున్నచో వారు సాగిపోవువఱకు తలుపుచాటున నిలుచుండెడిది. ఎదురు వచ్చితినని యొకరు నొచ్చుకొందురేమో యను భయము. ఎవరును నోరు విప్పి చెప్పనక్కఱలేదు. ఆ పాఠము ఒంటబట్టిపోవును. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును 1881లో జరిపించిరి. నాటినుండి ఈ విషయమై మన భాషలో వచ్చిన వ్యాసములకు లెక్కలేదు. అయినను కాకినాడలో మా యత్తగారు తలుపుచాటున నిలుచుండి త్రోవ ఖాళీ యగువఱకు వేచియుండుట నేను ఈ కన్నులతో చూచినదే.

ఒక శ్రావణ శుక్రవారమున, మా యమ్మాయి జ్వరముతో పడియుండి నేను కదలలేనివేళ, పూవులకై ఆమెయే యెనిమిదవ క్రాసునకు పోవలసివచ్చెను. వరలక్ష్మీవ్రతమునాటి యెనిమిదవ క్రాసు చూడనివారికి చెప్పుట కష్టము. అరటిపిలకలు, తామరమొగ్గలు, మొగలిరేకులు, బుట్టలకు బుట్టలు చేమంతులు, నేల కనబడదు. ఆమె పోయి గంటన్నర యైనను రాలేదు. నాకు గుండె గుబగుబలాడినది. తుదకు రెండు చేతుల సంచులతో వచ్చి, గడపలోనే నిలుచుండి నవ్వుచు, "అమ్మాయీ, అక్కడ వెయ్యిమందికి వెయ్యిమంది ఎదురొస్తున్నారు. ఎవరి శకునం ఎవరు చూస్తారే!" అనిరి. పూవులమ్మునామె కోలారు ప్రాంతమునుండి వచ్చిన తెలుగుమనిషి యట. "కొత్తబుట్ట ఇప్పుడే విప్పినా, మీరే బోణీ చేయండమ్మా" యని పిలిచినదట. ఈ మాట మా యత్తగారు నాకు రెండుమాఱులు చెప్పిరి. సాయంకాలము మావారు రాగానే వారికి మరల చెప్పిరి. మామగారు పోయినపిదప ఆమెను బోణీ చేయుమని యడిగినవారు అంతవఱకు లేరు.

ఇందు ఆ పూవులామె సంస్కారము కొంత, బేరగత్తె నేర్పు కొంత యుండవచ్చును. నేను చెప్పదలచినది వీథిని గూర్చి. చిన్నయూరి వీథిలో అందఱు అందఱిని ఎఱుగుదురు. ఎఱిగినకన్ను తూకము వేయును. పెద్ద బజారులో ప్రతిదినము కనబడువారే యైనను సగము పరాయివారు. వారికి మన ముఖము తెలియును, మన జాతకము తెలియదు. ఆడువారికి ఈ రెంటి నడుమ దొరకు చోటెంత విశాలమైనదో మగవారు సులభముగ నూహింపలేరు. మోటారులో పోవువారికి ఈ రెండును లేవు. నాటినుండి మా యత్తగారు ప్రతి యుదయము ఏడుగంటలకు సంచి పట్టుకొని బయలుదేరుదురు. పూవులు, ఆకుకూరలు, గుడి, పార్కులో తోటి వృద్ధురాండ్రతో అరగంట. వారిలో ఒకామెది తమిళము, ఇద్దఱిది కన్నడము. ఎవరి భాషలో వారు మోకాళ్లను గూర్చియు కోడండ్రను గూర్చియు మాటాడుకొందురు. అందఱికి అంతయు అర్థమగుచున్నట్లే యున్నది.

మా యమ్మాయికి పదియేండ్లు నిండినవి. బడి నాలుగు క్రాసుల యవతల. గత జూన్ నుండి ఒంటరిగా పోయి వచ్చుచున్నది. ఒంటరిగా ననుట పేరునకే. మూలను ఇస్త్రీబండివాడు, దర్జీ, కొబ్బరిబోండాలమ్మునాతడు, వాకిట ముగ్గు వేయు నింకొకామె, వీరందఱు ఆమెను చూచుచునే యుందురు. ఒకనాడు ఆమె త్రోవలో కుక్కపిల్లతో నాలస్యము చేయగా, ఆమె యిల్లు చేరకమున్నే ఆ వార్త నాకు చేరినది.

ఈ పేటను పొగడునప్పుడు వెనుకసందుల మాట దాచుట న్యాయము గాదు. ఇండ్లవరుసల వెనుక సన్నని సందులు కలవు. కన్సర్వెన్సీ లేన్లని వాడుక. మురుగునీటి గొట్టములు లేని దినములలో దొడ్ల మలమును ఎత్తుకొనిపోవు పాకీవారు ముంగిటివీథిలో కనబడకుండ రాకపోకలు చేయుటకై వీనిని ఏర్పఱచిరి. ముంగిట సంపెంగచెట్టు, పెరటివంక మనిషి నెత్తిన మలపుతట్ట. నివేశనస్థలములను సైతము కులమతముల వారిగా విభజించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. ప్లేగు కులము చూడలేదు గాని ప్లేగునకు భయపడి కట్టిన పేట చూచినది. మనుష్యులచే మలమెత్తించుటను నిషేధించుచు 1993లోను, మరల 2013లోను దేశమున చట్టములు వచ్చినవి. సందులు మిగిలినవి. కొన్నింటిని ఇటీవల శుభ్రపఱచి గోడలకు బొమ్మలు వ్రాసినారు. బొమ్మలు బాగుగనే యున్నవి. మా యమ్మాయి యొకనాడు "ఈ సందు ఇంత సన్నంగా ఎందుకుందమ్మా?" అని యడుగగా ఉన్నదున్నట్లు చెప్పితిని. పదియేండ్ల పిల్లకు చెప్పదగిన మాటయా యని మావారు సందేహించిరి. ఆ సందున నడచు పిల్లకు చెప్పక మఱెవరికి చెప్పుదుము?

మా యింట పనిచేయునామెకు ఈ పేటలో అద్దె యందదు. ఆమె రెండు బస్సులు మాఱి వచ్చును. 2023 జూన్ నుండి కర్ణాటకమున స్త్రీలకు సర్కారు బస్సులలో ఉచితప్రయాణము కలిగినది. ఆ మిగిలిన డబ్బుతో ఆమె తన కుమారునికి లెక్కల ట్యూషను పెట్టించినది. మంచి పేట యని పేరు పడినకొలది అద్దె పెరుగును; అద్దె పెరిగినకొలది ఆ మంచితనమును దినదినము నిలుపువారే దూరమునకు పోవుదురు. దీనికి నాకు తోచిన యుపాయము లేదు.

ఇక కాలిబాటల మాట. బెంగుళూరులో మోటారుబండ్లు కోటి దాటినవి. వీథి నిండినపిదప అవి కాలిబాట యెక్కినవి. రెండేండ్ల క్రిందట ఒక శాఖవారు ఏదో గొట్టము వేయుటకై కాలిబాట పలకలెత్తి మరల మూయకయే పోయిరి. మా యత్తగారు ఆ గోతిలో కాలుజారి పడగా మణికట్టు విఱిగినది. ఆఱువారములు కట్టు. కట్టు విప్పినపిదపయు మూడునెలలు గడప దాటలేదు. మరల ఆ కిటికీయే. ఎముక అతికినంత త్వరగా ధైర్యమతుకదు. "ఇదేనా నీ నడిచే పేట?" అని మావారన్నది అప్పుడే, మా చర్చ మొదలైనది ఆనాడే.

నేను, ఇరుగుపొరుగు స్త్రీలు ఆఱుగురు, దర్జీయొద్ద కొలతటేపు పుచ్చుకొని ఎనిమిదవ క్రాసునుండి పదునైదవ క్రాసువఱకు కాలిబాట కొలిచితిమి. ముప్పదియొక చోట్ల పలకలు లేవు. పండ్రెండు చోట్ల కార్లు నిలిచియున్నవి. అర్జీ వ్రాసితిమి, వ్రాసి యూరకుండక ప్రతి సోమవారము ఇద్దఱము పోయి యడిగితిమి. పదునొకండు వారములకు పదునేడు పలకలు వచ్చినవి. తక్కిన పదునాలుగింటికి ఇంకను పోవుచునే యున్నాము. ఈ పనిలో మాలో మాకొక తగవు వచ్చినది. పూవులబుట్టలవారిని కూడ లేపవలెనని ఇద్దఱు పట్టుబట్టిరి. కారు కాలిబాటమీద నున్నచో 'నిలిచినది' యనుట, బుట్ట యున్నచో 'ఆక్రమించినది' యనుట యేమి న్యాయము? వీథివర్తకులకు తావు చూపవలెనని 2014 నుండి చట్టమే కలదు. వారు లేనినాడు చీకటి పడినపిదప ఆ వీథిలో మా యమ్మాయిని నేను పంపను. అర్జీలో ఆ వాక్యము చేరలేదు; అందులకు మా నడుమ రెండు కాపీకప్పులు చల్లారినవి. 2023లో సాంకీ చెరువు చెంత పైవంతెన కట్టు ఆలోచన వచ్చినప్పుడు మాత్రము ఈ తగవులాడుకొనువారందఱు ఒక్కటిగా నడచి తమ యసమ్మతి తెలిపిరి.

ఇంతలో ఇంటియజమాని ఇల్లు పడగొట్టించి అంతస్తులు కట్టింపదలచినారు. వచ్చు ఉగాదిలోగా ఖాళీ చేయవలెను. సర్జాపురము కాగితములు మరల బల్లమీదికి వచ్చినవి. మావారు ఈమాఱు బలవంతము చేయలేదు. "ఈ పేటలోనే ఒక గది తక్కువైనా సరే దొరుకుతుందేమో చూడు, నెలరోజులు" అనిరి. వారమునకు మూడుదినములు ఇంటనుండి పనిచేయుటకు వారికి అనుమతి దొరకుటయు ఈ మెత్తదనమునకు కొంత కారణము కావచ్చును.

ఇప్పటికి ఏడిండ్లు చూచితిమి. మూడింటి అద్దె విని మెట్లమీదనే వెనుదిరిగితిమి. పదునేడవ క్రాసులో రెండుగదుల యిల్లొకటి కలదు; వంటయిల్లు చీకటి, ఎండ రాదు. నిన్న ఉదయము మా యత్తగారు ఎవరికిని చెప్పక అక్కడినుండి ఎనిమిదవ క్రాసువఱకు నడచి చూచి వచ్చిరి. "ఇరవైరెండు నిమిషాలు పట్టిందమ్మాయీ. మూడు చోట్ల రోడ్డు దిగాలి. మధ్యలో ఒకరింటి ముందు అరుగుంది, కూర్చుంటే ఏమీ అనలేదు" అనిరి.