వంచితే జారని ఘడియ

మొదటి గొట్టంలో నాకు దక్కింది రబ్బరు. పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీకి చేరిన తొలి చలికాలం. మూడు భాస్వరం, మూడు నైట్రోజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి ఉంగరంలా కూర్చున్న తెల్లటి స్ఫటికాలు. ప్రతి భాస్వరానికీ రెండు క్లోరిన్లు. ఆ స్ఫటికాలను శుద్ధిచేసి గాజు గొట్టంలో పోసి, గాలంతా లాగేసి, మూతిని మంటతో కరిగించి మూసి 250 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. ఆ వేడికి ఉంగరాలు తెగి గొలుసులవుతాయి. నిద్ర ఆపుకోలేక గదికి వెళ్లిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే గొట్టంలో చలనం లేదు. పగలగొట్టి టోలుయీన్‌లో వేస్తే ఉబ్బిందేగాని కరగలేదు. గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి.

1890లలోనే రసాయన శాస్త్రవేత్త హెచ్. ఎన్. స్టోక్స్ చూసిన పదార్థమిది. కర్బనం లేని రబ్బరు. ఎందులోనూ కరగదు, తేమ తగిలితే పాడవుతుంది. అందుకే దాదాపు డెబ్బై ఏళ్లు ఎవరికీ అక్కరకు రాలేదు. 1965లో హ్యారీ ఆల్‌కాక్, కూగెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు గొలుసులు ముడిపడకముందే వేడిని ఆపారు. కరిగే గొలుసు చేతికొచ్చింది. కరిగింది గనుక క్లోరిన్లను తీసి వేరేవి తగిలించగలిగారు. ఈ గొలుసుల శాస్త్రమంతా ఆ ఆపడంలోంచే పుట్టిందని నా నమ్మకం.

రెండో గొట్టాన్ని విడిచి కదల్లేదు. అరిసెల పాకం దగ్గర అమ్మ ఎవరు పిలిచినా పలికేది కాదు. ఎందుకో ఆ రాత్రి తెలిసింది. ముఖానికి కవచం పెట్టుకుని గంటగంటకూ గొట్టం వంచి చూశాను. నీళ్లలా పారేది తేనెలా చిక్కబడింది. వంచినా జారడం మానగానే బయటికి తీశాను.

ఈసారి కరిగింది! సోడియం ట్రైఫ్లోరోఎథాక్సైడ్‌తో క్లోరిన్లను మార్చాను. భాస్వరం ఎన్‌ఎంఆర్‌లో తీసిన పటం మీద మైనస్ 8 దగ్గర ఒకే ఒక్క శిఖరం. క్లోరిన్లు మిగిలి ఉంటే పక్కన మరొకటి లేచేది. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూసుకున్నానో!

ద్రావణాన్ని పళ్లెంలో ఆరబెడితే పలుచటి పొర వచ్చింది. అందులోంచి చిన్న ముక్క కత్తిరించి నీళ్ల బీకరులో వేశాను. డిగ్రీ పుచ్చుకుని ఆ ఊరు విడిచిన రోజుకీ అది చెక్కుచెదరలేదు.