మగాడి మొహం – మందులషాపు ట్యూబు

మన మగాళ్ళ చర్మసంరక్షణ శాస్త్రం మొత్తం ఒక్క సబ్బుబిళ్ళలో ఉంటుంది. దాంతోనే ఒళ్ళు, దాంతోనే మొహం, షాంపూ అయిపోయిన రోజు దాంతోనే తల. పండక్కి ఇంటికెళ్తే అమ్మ పెట్టే సున్నిపిండి నలుగు బోనస్సు. ఇంతకు మించి ఏం చేసినా "ఏంట్రా, పెళ్ళికూతురిలా ముస్తాబవుతున్నావ్" అని వెనకనించి ఎవడో ఒకడు అంటాడు. మా ఆఫీసులో ఒకతని బ్యాగులో సన్‌స్క్రీన్ ట్యూబు కనబడిందని టీమంతా వారం రోజులు ఆడుకున్నారు పాపం.

అదేంటో గానీ, ఎండ తగలకుండా రాసుకునేదానికి సిగ్గుపడే మనం, తెల్లబడ్డానికి రాసుకునేదాని దగ్గర మాత్రం అంత సిగ్గుపడం. కాకపోతే గుట్టుగా కానిస్తాం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. అది ఆడవాళ్ళ క్రీమే అయినా అక్కచెల్లెళ్ళ ట్యూబులు త్వరగా ఖాళీ అవడం వెనక అన్నదమ్ముల చెయ్యి ఎంతుందో ఎవరి ఇంటి సంగతి వాళ్ళకి తెలుసు. 2005లో ఇమామీ వాళ్ళు మగవాళ్ళకి విడిగా ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చారు, తర్వాత షారుఖ్ ఖాన్ వచ్చి దాన్ని గడపగడపకీ చేర్చాడు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది. పేరైతే మారింది గానీ, పెళ్ళిచూపులకి ముందు అద్దంలో చూసుకునేవాడి బాధ మారిందా అంటే నాకు నమ్మకం లేదు.

నిజానికి ఆ టీవీ క్రీములతో వచ్చే నష్టం చాలావరకు జేబుకే. అసలు ప్రమాదం ఏ ప్రకటనా లేకుండా మందులషాపు కౌంటర్ మీదనించి చేతికొచ్చే చిన్న ట్యూబుతో.

మా రూమ్మేట్ సంగతి చెప్తాను. మంచి డెవలపర్, మంచి జీతం, మంచి చామనచాయ. వాళ్ళింట్లో సంబంధాలు చూడ్డం మొదలెట్టాక ఒకళ్ళు "అబ్బాయి ఫోటోలో ఉన్నంత రంగు లేడే" అన్నార్ట. వాళ్ళమ్మగారు ఆ మాట ఫోన్లో యథాతథంగా చేరవేశారు. మర్నాడు వీడు వీధి చివర మెడికల్ షాపుకెళ్ళి "అన్నా, మొహం కొంచెం తేటగా అవడానికి ఏమన్నా ఇవ్వు" అనడం, అతను ఓ ట్యూబు ఇవ్వడం జరిగిపోయాయి. వంద రూపాయల చిల్లర.

పది రోజుల్లో తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. మొహం నున్నగా, తెల్లగా. మొటిమలు కూడా సర్దుకున్నాయి. "చూశావా, నీ మాయిశ్చరైజర్లూ గట్రా దేనికి?" అని నన్నే దెప్పాడు. మూడు నెలలు వాడాడు. తర్వాత ఓసారి ఊరెళ్తూ ట్యూబు మర్చిపోయాడు. మూడో రోజుకల్లా మొహం ఎర్రగా కందిపోయి, మంట. చన్నీళ్ళు తగిలినా మంటే. వారం తిరిగేసరికి బుగ్గలనిండా మొటిమలు. మళ్ళీ రాస్తే తగ్గుతోంది, మానితే తిరగబెడుతోంది. పెళ్ళిచూపులు రెండుసార్లు వాయిదా వేయించాడు. వాళ్ళింట్లో వేరే ఏవేవో అనుమానాలు మొదలయ్యాయి. వీడికి కారణం చెప్పడానికి నామోషీ!

అందులో ఉన్నది స్టెరాయిడ్. మన భాషలో చెప్పాలంటే ఖాళీ క్యాచ్ బ్లాక్. ఎర్రర్లన్నిటినీ మింగేస్తుంది, స్క్రీన్ మీద అంతా పచ్చగా కనబడుతుంది, లోపల బగ్ అలాగే ఉంటుంది. కొంచెం వివరంగా చెప్తే, అది చర్మంలోని సన్న రక్తనాళాల్ని కుంచింపజేస్తుంది, వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, రంగు తయారయ్యే పనిని మందగింపజేస్తుంది. అందుకే ఆ పది రోజుల తెలుపు. అదే పనిగా వాడితే చర్మం పల్చబడి, కిందున్న రక్తనాళాలు దారాల్లా బయటికి కనిపిస్తాయి. మానగానే అణిగి ఉన్నదంతా ఒక్కసారి పైకి లేస్తుంది. ఇది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, మన దేశపు చర్మవైద్యులే దీనికి "టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవాల్సొచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కింద గట్టిగా బిగించింది కూడా. మా వీధి చివర షాపుకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

స్టెరాయిడ్లు చెడ్డవని కాదు నేననేది. ఎగ్జిమా లాంటివాటికి డాక్టర్ రాసి, ఇన్ని రోజులే అని చెప్తే అవి బంగారంలాంటి మందులు. రూట్ పాస్‌వర్డ్ ఎవడి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవడం పెద్ద విద్యేమీ కాదు. బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూటికసోన్.. ఇలా "సోన్" అని ముగిస్తే చాలావరకు స్టెరాయిడే. క్లోబెటసాల్ ఆ తోక లేని పెద్దన్న, ఇంకా బలమైనది. ఇదే బాపతు ఇంకొకటుంది. రోజుకి పది గంటలు జీన్స్ వేసుకుని కుర్చీలో కూర్చునే మనకి వానాకాలంలో గజ్జల్లో తామర రావడం కొత్త కాదు, ఎవరితోనూ చెప్పుకోం అంతే. షాపులో ఇచ్చే త్రీ-ఇన్-వన్ క్రీముల్లో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా నడుము దాకా పాకుతుంది. పైగా మచ్చ రూపు మారిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టలేనంతగా తయారవుతుంది.

మరి మొహానికి నిజంగా ఏం కావాలి? చాలా తక్కువే కావాలి. అదే మన బాధ అనుకుంటా, సింపుల్‌గా ఉన్నది మనకి నచ్చదు :)

చర్మం మీద సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ 5 చుట్టూ. ఒంటిసబ్బులు ఎక్కువగా 9, 10 దగ్గర ఉంటాయి. కడిగాక మొహం బిగుసుకుపోయినట్టుంటే "శుభ్రమైంది" అనుకుంటాం గానీ అది ఎండిపోవడం. అందుకని మొహానికి విడిగా ఏదో ఒక మెత్తటి ఫేస్‌వాష్, రోజుకి రెండుసార్లు. తర్వాత తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. రోజంతా ఏసీలో ఉండేవాళ్ళకి ఇది తప్పదు, జిడ్డు మొహం వాళ్ళయితే జెల్ లాంటిది చూసుకోవచ్చు.

మూడోది సన్‌స్క్రీన్. ఎస్పీఎఫ్ 15 అయితే యూవీబీ కిరణాల్లో 93 శాతం, 30 అయితే 97, 50 అయితే 98 శాతం ఆపుతుంది. అంటే 30 నించి 50కి వెళ్తే పెరిగేది ఒక్క శాతం. కానీ ఈ లెక్కలన్నీ సరిపడా రాస్తేనే. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరిపోతుంది. మనవాళ్ళు బఠాణీ గింజంత రాసి పనిచెయ్యలేదంటారు. "నేను ఆఫీసులోనే ఉంటాగా" అనేవాళ్ళకి ఓ మాట. మామూలు అద్దం యూవీబీని బాగానే ఆపుతుంది గానీ యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. కిటికీ పక్క సీటు కోసం మేనేజర్‌తో కొట్లాడి గెలిచినవాళ్ళు గమనించగలరు. బైకు మీద వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇది తెల్లబరచదు. ఉన్న రంగుని మచ్చలు, మంగు పడకుండా ఉంచుతుంది. నాకైతే మూడింటికీ కలిపి నెలకి నాలుగొందల లోపే అవుతోంది, వారాంతపు బిర్యానీ కన్నా తక్కువ.

గెడ్డం కూడా ఇందులో భాగమే. బోరునీళ్ళలో నురగ సరిగ్గా రాదు, పొడిపొడిగా గీకేస్తాం, మెడ కింద కురుపులు. స్నానం అయ్యాక, వెంట్రుక మెత్తబడ్డాక, అది మొలిచిన దిక్కుకే గీస్తే సగం సమస్య పోతుంది. మొటిమలకి మందు మొదలుపెడితే ఎనిమిది, పన్నెండు వారాలు ఆగాలి. వారానికో క్రీము మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలీదు. ఒకేసారి పది మార్పులు చేసి బిల్డ్ ఎందుకు పగిలిందని అడిగినట్టుంటుంది.

మావాడు చివరికి చర్మం డాక్టర్ దగ్గరకి వెళ్ళాడు. మొహం దారిలోకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముక్కు పక్కన ఎర్రటి సన్న గీతలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళి కుదిరింది, ఆ అమ్మాయి వీడి రంగు గురించి ఒక్క ముక్క అడగలేదట, క్రెడిట్ కార్డు బాకీల గురించి మాత్రం పావుగంట అడిగిందట.

మీలో ఎవరైనా అలాంటి ట్యూబు నెలల తరబడి వాడుతుంటే, ఇది చదివి ఇవాళే విసిరి పారేసి ఊరుకోకండి. ఒక్కసారిగా మానితే ఏమవుతుందో పైన చెప్పాను. ఎలా తగ్గించాలో డాక్టర్ చెప్తారు. వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు జేబులో వేసుకెళ్ళండి. మావాడు నామోషీకి దాన్ని చెత్తబుట్టలో పారేసి వెళ్ళాడు, పేరు గుర్తులేదు. డాక్టరమ్మగారు "దాని రంగేంటి బాబూ, మూత ఎలా ఉంటుంది" అని అడుగుతుంటే, మళ్ళీ అదే షాపుకెళ్ళి ఇంకో ట్యూబు కొనుక్కొచ్చి చూపించాడు. అప్పుడు కూడా చీటీ అడగలేదట.