నెమలికంఠం

చిన్నప్పుడు సంక్రాంతి సమయంలో ఉమామహేశ్వరం వెళ్తే అమ్మ ఎప్పుడూ ఒకే పట్టుచీర కట్టుకునేది. ఎండలో మెట్లెక్కేటప్పుడు నీలంగా ఉన్న చీర, గుడి దగ్గర కొండచరియ నీడలోకి రాగానే ఆకుపచ్చగా మారేది. కొంగు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాణ్ణి. ఇప్పుడది మడతల దగ్గర చిరిగిపోయింది. అలాంటిదే నేయించాలని అచ్చంపేట నుంచి బయల్దేరి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి గద్వాల చేరాను.

అక్కడ ఒక నేతకారుల ఇంట్లో గుంటమగ్గం మీద ఇద్దరు పనిచేస్తున్నారు. గుంటలో కాళ్లు పెట్టుకుని భర్త, ఎడమ అంచుకు పక్కగా భార్య. పాత గద్వాల చీరకు బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ మగ్గం మీదున్నది మాత్రం అంతా పట్టే. మూడు నాడెలు. ఆయన బాడీ నాడె విసిరితే ఆమె అందుకుని, ఆ పోగుకు అంచు పోగును కొక్కెంలా తగిలించి, ఎవరిది వాళ్ల వైపుకు తిప్పేస్తుంది. కుప్పడం అంటారు దీన్ని. ఎర్ర అంచు బాడీలోకి వెంట్రుకవాసి కూడా దిగదు. కలిసిన చోటును ప్రతిసారీ బొటనవేలితో తడుముతుంది. కళ్లు మాత్రం అటుండవు. ఆ వేలినే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

పడుగు నీలం, పేక ఆకుపచ్చ. రెండూ ఒకదాంట్లో ఒకటి కలవవు, వేటికవే ఉంటాయి. పట్టుపోగు నున్నగా ఉంటుంది కాబట్టి వెలుతురు ఏ వరుస మీద తగిలి మన కంటికి చేరితే ఆ రంగు పైకి లేస్తుంది. ఆయన వెనక నిలబడితే నీలం. ఆమె పక్కకు వచ్చి వంగితే పచ్చ. ఒకే గుడ్డ నేస్తూ పొద్దంతా చెరో రంగు చూస్తున్నారు వాళ్లిద్దరూ!

ఆయన నాడె ఆపకుండానే ఆమెతో అన్నాడు: "మొన్నటి చీర వాపస్ వచ్చిందంట. ఫోటోల నీలమున్నదంట, ఇంటికి పోయినంక పచ్చగ కనబడ్తున్నదంట."

ఆమె మాట్లాడలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మార్పు కోసమే కదా రెండు రంగుల పోగులు తెచ్చింది! ఫోటో ఒక్క చోట నిలబడి చూస్తుంది. చీర కట్టుకున్న మనిషి నడుస్తుంది, తిరుగుతుంది, వంగుతుంది. ఫోటోకు సరిపోయేలా ఇక ఒకే రంగు నేయమంటున్నారట. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించి 1985లో చట్టం చేశారు. కానీ ఇట్లా అడగడాన్ని ఏ చట్టం ఆపుతుంది?

ఇంకో దిగులు కూడా ఉంది. ఈ అంచుకు రెండో మనిషి కావాలి. కూలి మాత్రం చీర లెక్కనే. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా జోడు పంచెలు పంపే ఈ ఊళ్లోనే పక్కన కూర్చునే మనిషి దొరకడం లేదని ఆయన అన్నాడు. బిడ్డ హైదరాబాద్‌లో చదువుతోంది. "ఆమెను ఇండ్ల కూసోమని ఎట్లంటం సార్?"

పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె నాడె పక్కన పెట్టి లేచింది. ఆయన తన నాడె చేతిలోనే పట్టుకుని, గుంటలో కాళ్లు కదపకుండా, ఆమె వచ్చేదాకా కూర్చున్నాడు.