సోడా బుస్సుమనాలంటే...

మే నెలలో మంచిర్యాల ఎండ గురించి వేరే చెప్పాలా! పక్కనే గోదావరి ఉందన్న మాటేగానీ, 44, 45 డిగ్రీలు అక్కడ మామూలే. మధ్యాహ్నం పన్నెండు దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు బావుల్లో డ్యూటీ దిగి వచ్చేవాళ్లకైనా, కాజీపేట-బల్లార్షా లైన్లో రైలు దిగినవాళ్లకైనా ముందు గొంతు తడవాలి. ఎన్ని కూల్‌డ్రింకులు వచ్చినా గోలీ సోడా దారి గోలీ సోడాదే. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే 'బుస్సు'మనే ఆ చప్పుడుకే సగం దాహం తీరిపోతుంది.

ఆ బుస్సు మాత్రం ఊరికే రాదు. "అన్నా, గ్యాస్ లేదేందే?" అని ఒక్క గిరాకీ అడిగితే చాలు, సోడా బండాయన ముఖం వాడిపోతుంది. పులుపు తగ్గిందంటే నిమ్మకాయ మీదికి నెట్టేయొచ్చు. గ్యాస్ లేదంటే మాత్రం ఆ మాట సూటిగా ఆయన పనితనానికే తగులుతుంది. పైగా ఎక్కడో గ్యాస్ కారిపోతోందంటే ఆ రోజు లాభం కూడా దాంతోపాటే గాల్లో కలుస్తోందని అర్థం.

అసలు నీళ్లలోకి గ్యాస్‌ను ఎక్కించే విద్యకు మూలం బీరు బట్టీయే. 1767లో ఇంగ్లాండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన ఇంటి పక్కనున్న బీరు బట్టీలో, పులుస్తున్న తొట్టి మీద నీళ్ల గిన్నె ఉంచి చూశాడు. తొట్టిలోంచి వచ్చిన కార్బన్ డై ఆక్సైడ్ నీళ్లలోకి దిగి, నాలుకకు చురుక్కుమని తగిలింది. ఆ తరువాత 1872లో హైరమ్ కాడ్ అనే ఇంజినీరు గోలీ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. దాని చమత్కారమేమిటంటే, మూత వేసేది మనిషి కాదు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి, మెడలోని రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. గ్యాస్‌కు గ్యాసే కాపలా!

సోడా మిషన్ కూడా పెద్ద యంత్రమేమీ కాదు. ఒక సిలిండర్, దాని నెత్తిన రెగ్యులేటర్, రెండు మీటర్లు, ఒక పైపు, సీసాలను బిగించి తిప్పే ఇనుప పెట్టె. ఇంట్లో బీరు చేసుకునే విదేశాలవాళ్లు పీపాకు తగిలించుకునే సామాను కూడా దాదాపు ఇదే. అందుకే అక్కడా ఇక్కడా వచ్చే తంటాలు ఒకటే. ఎన్ని అతుకులుంటే అన్ని దొంగదారులు!

దొంగను పట్టేది సబ్బు నీళ్లే

అనుభవమున్న సోడా బండాయన మిషన్ మొత్తాన్ని ఒకేసారి విప్పి కూర్చోడు. సీసా దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగూ సిలిండర్ వైపు వెనక్కి నడుస్తాడు. ఒక్క సీసాలోనే గ్యాస్ లేకపోతే తప్పు ఆ సీసాదే. రబ్బరు రింగు ఎండకు గట్టిపడి పగిలి ఉంటుంది. లేదా గాజు మెడ దగ్గర పెచ్చు ఊడి ఉంటుంది. అన్ని సీసాలూ అలాగే ఉంటే జబ్బు ఇంకా వెనక ఉందన్నమాట.

అప్పుడు పైపునిండా గ్యాస్ పట్టించి, సిలిండర్ వాల్వు మూసేసి, మీటరు ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటాడు. చాయ్ తాగి వచ్చి చూస్తాడు. ముల్లు కదలకపోతే అతుకులన్నీ మంచివే. కిందికి జారిందంటే ఎక్కడో కారుతోంది. గిన్నెలో సబ్బు నురగ చేసి ఒక్కో అతుకుకూ పూస్తే, కారే చోట బుడగ లేస్తుంది. చాలాసార్లు దొరికే దొంగ సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్యనున్న చిన్న వాషరే! అరిగిన ఆ వాషర్ మార్చకుండా పానాతో ఎంత బిగించినా లాభం లేదు. మరలు దెబ్బతినడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఒక్కోసారి దీనికి ఎదురు జరుగుతుంది. ఎవరూ తిప్పకుండానే బయటి వైపు మీటరు ముల్లు మెల్లగా పైకి పాకుతుంటుంది. రెగ్యులేటర్ లోపల నలుసు పడిందో, సీటు అరిగిందో అనుకోవాలి. అది సబ్బు నీళ్లతో తేలే జబ్బు కాదు. వెంటనే సిలిండర్ మూసి, రెగ్యులేటర్ మార్చాల్సిందే. అది ఇంట్లో విప్పి చూసే వస్తువు కాదు.

మీటరు చెప్పే అబద్ధం

సిలిండర్ వైపు మీటరుతో మరో చిక్కుంది. మామూలు రోజుల్లో లోపల కార్బన్ డై ఆక్సైడ్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 58 కిలోలు. కారు టైరులో ఉండే దానికి పాతిక రెట్లు! ఆ ద్రవం ఉన్నంతసేపూ, సిలిండర్ నిండుగా ఉన్నా అడుగంటుతున్నా ముల్లు అక్కడే నిలబడుతుంది. ద్రవం అయిపోగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఇక 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాస్ ద్రవంగా ఉండనే ఉండదు. మంచిర్యాల మే నెలలో నీడలో పెట్టిన సిలిండర్ కూడా ఆ గీత దాటేస్తుంది. అప్పుడు మీటరు ఎక్కువ చూపించిందంటే సరుకు ఎక్కువుందని కాదు, ఎండ ఎక్కువుందని! అందుకే తెలిసినవాళ్లు మీటరును కాక తూకాన్ని నమ్ముతారు. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గరే చెక్కి ఉంటుంది.

అసలు పరీక్ష మరొకటి ఉంది. గ్యాస్ చల్లటి నీళ్లలో కరిగినట్టు వేడి నీళ్లలో కరగదు. మామూలు పీడనంలో మంచులాంటి లీటరు నీళ్లు సుమారు 1.7 లీటర్ల గ్యాస్‌ను తాగుతాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరు కన్నా కాస్త తక్కువే పట్టుకుంటాయి. 40 డిగ్రీలకు వస్తే అర లీటరు దగ్గరే ఆగిపోతాయి. అంటే జనానికి సోడా మీద మనసు పుట్టే రోజునే నీళ్లు గ్యాస్ వద్దని మొరాయిస్తాయి.

ఆ పూట బండి ముందు గిరాకీ నిలబడి ఉంటుంది. సోడాలో బుస్సు ఉండదు. చేతికి దగ్గర్లోనే రెగ్యులేటర్ పిడి ఉంటుంది. ఇంకొంచెం తిప్పితే ఏం పోతుంది? పోయేది కన్నో, చెయ్యో! 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం ప్రకారం పీడనం పెంచితే నీళ్లలో గ్యాస్ పెరిగే మాట నిజమే. కానీ ఆ పీడనాన్ని మోయాల్సింది పదే పదే కడిగి, ఎన్నో చేతులు మారిన గాజు సీసా. కంటికి కనిపించని సన్నని పగులొక్కటి చాలు. అందుకే సీసాలను మూత ఉన్న ఇనుప పెట్టెలో పెట్టే తిప్పాలి. ఐసు పెట్టిన నీళ్లు పోస్తే, పిడి ముట్టుకోకుండానే బుస్సు దానంతట అదే వస్తుంది.

కనిపించని ప్రమాదం మరొకటి. కారిపోయిన గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవు. అంటుకోదు కదా అని కిటికీల్లేని గదిలో మిషన్ పెట్టేవాళ్లుంటారు. గాలికన్నా బరువైన ఈ గ్యాస్ నేలబారున పేరుకుని ఊపిరాడనివ్వదు. బొగ్గు బావుల ఊళ్లలో పెద్దవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బావిలో దీపం కొడిగడితే అక్కడ గాలి మంచిది కాదని వెనక్కి రావడం పాత పాఠమే.

2025లో గోలీ సోడా కొత్త ముస్తాబుతో గల్ఫ్ దేశాల సూపర్‌మార్కెట్లకు కూడా ఎగుమతి అయింది. పెద్ద ఫ్యాక్టరీలో చేసినా, నాలుగు చక్రాల బండి మీద చేసినా గ్యాస్ లెక్క ఒక్కటే. బలవంతం చేస్తే సీసా పగులుతుంది. చల్లబరిస్తే నీళ్లలో ఒదిగిపోతుంది. ఈసారి మీ సోడాకు రెండు నిమిషాలు ఆలస్యమైతే విసుక్కోకండి. నీళ్లు చల్లబడేదాకా ఆగుతున్న మనిషి మీ గొంతుతోపాటు తన చేతుల గురించి కూడా ఆలోచిస్తున్నాడన్నమాట.