గోడకు అవతలే సముద్రం
'గ్రీకు దీవి అనుభూతి' అని ఊరించిన భీమిలి తీరపు విడిదిలో ఉర్లా కుటుంబం మూడు రోజులు

రాయ్‌పూర్ ఉత్తర శివార్లలోని ఉర్లాలో తెల్లారగానే చేసే మొదటి పని మేడ మీది నల్లటి పొడిని ఊడవడం. స్పాంజ్ ఐరన్ యూనిట్లు, రోలింగ్ మిల్లులు రాత్రంతా వదిలిన మసి తులసికోట మీద, ఆరేసిన బట్టల మీద, వాకిట్లో ముగ్గు మీద ఏ తేడా లేకుండా పరుచుకుని ఉంటుంది. పొగలోని ధూళిని పట్టే యంత్రాలను కరెంటు ఖర్చుకు వెనకాడి రాత్రిళ్లు ఆపేస్తున్నారన్నది ఇక్కడి జనం ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పటి నుంచి రాయ్‌పూర్ పెరిగిన కొద్దీ ఉర్లా, సిల్తరాల పొగ కూడా పెరిగింది. ఆ మిల్లుల్లో ఒకదాంట్లో నేను లెక్కలు రాస్తాను. మా నాన్న అదే పేటలో కడ్డీలు సాగదీసే పనిలో బతుకు వెళ్లదీశారు. మా అమ్మ ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పొడిని ఊడ్చింది. పోయిన చలికాలంలో ఆమె దగ్గు ఎంతకీ తగ్గకపోతే డాక్టరు, "కొన్నాళ్లు ఈ గాలికి దూరంగా ఉంచండి" అన్నాడు.

అమ్మది భీమిలి దగ్గర తీరం పల్లె. ఆమె సముద్రాన్ని చూసి పదేళ్లు దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక ఒకసారి వెళ్లొచ్చింది, అంతే. ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలనుకున్నాం. ఎక్కడ దిగాలన్న దగ్గరే నేను పట్టుబట్టాను. మేనమామ ఇంట్లో రెండు గదులు, ఆరుగురు మనుషులు. "ఈసారి ఎవరింటికీ వద్దు, దర్జాగా రిసార్టులో ఉందాం" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా లెక్క రాసుకున్నాను.

మరో ఉర్లా

రిసార్టు వెతికే పని మా అమ్మాయిది. ఆమె తన ఫోన్లో ముందుగా మా ఊరి పేరు కొడితే నీలి సముద్రం, పడవలు, ఆలివ్ తోటలు వచ్చాయి. టర్కీలో ఇజ్మీర్ నగరం దగ్గర, ఏజియన్ తీరంలో మరో ఉర్లా ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. 1963లో నోబెల్ బహుమతి అందుకున్న గ్రీకు కవి జార్జ్ సెఫెరిస్ బాల్యం అక్కడిదే. 1922 యుద్ధం, ఆ తర్వాతి జనాభా మార్పిడి ఆ తీరపు గ్రీకులందరినీ ఊళ్లు ఖాళీ చేయించాయి. "మన ఉర్లాకు సముద్రం లేదేం?" అని అమ్మాయి అడిగింది. ఆ మాట నుంచి గ్రీకు దీవులకు, అక్కడి నుంచి 'పాస్‌పోర్టు అక్కర్లేని శాంటోరిని' అని చెప్పుకుంటున్న ఒక విడిది ప్రకటనకు వెళ్లడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, కుండీల్లో కాగితప్పూలు. రాత్రికి 7,500 రూపాయలు. నా బోనసులో సగం.

రాయ్‌పూర్‌ను విజయనగరంతో కలిపే రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. మధ్య భారతం సరుకును సముద్రానికి చేర్చడానికి వేసిన ఆ పట్టాల మీదే ఉత్తరాంధ్ర మనుషులు ఎదురు దిశలో భిలాయ్‌కి, రాయ్‌పూర్‌కి పనుల కోసం వచ్చారు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖ మధ్య పగటిపూట వందే భారత్ నడుస్తోంది. మేము మాత్రం అలవాటు ప్రకారం రాత్రి బండే ఎక్కాం. తెల్లవారుజామున పార్వతీపురంలో "టీ, వేడి వేడి టీ" అన్న తెలుగు కేక వినపడగానే అమ్మ లేచి కూర్చుంది. విజయనగరం దాకా మళ్లీ పడుకోలేదు.

అరచేతి వెడల్పు నీలం

విశాఖ నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డు పాతిక కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని ఆనుకుని సాగుతుంది. దారిలో రుషికొండ. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. నిర్వహణ లోపాల వల్ల 2025 ఆరంభంలో ఆ జెండాను దించి, సరిదిద్దుకున్నాక మళ్లీ ఎగరేశారు. ఆ పక్కనే కొండను తొలిచి కట్టిన భవనాలు. అక్కడున్న పర్యాటక శాఖ రిసార్టును 2021లో కూల్చి వందల కోట్లతో వాటిని కట్టారు. 2024 ఎన్నికల తర్వాత అవి రాష్ట్రమంతా చూసిన వింత అయ్యాయి. అమ్మ వీటి వేటి వైపూ చూడలేదు. ఆమె చూపంతా కుడివైపే.

రిసార్టు గేటు దాటాక ఆ కుడివైపు మాయమైంది. ఎనిమిది అడుగుల తెల్ల గోడ. నీలి గుమ్మటం దగ్గరికెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకు మీద బోర్లించిన ఫైబర్ తొడుగు. ఒక పక్క రంగు పెచ్చులూడి పసుపు కనపడుతోంది. 'సీ వ్యూ' గదిలో బాల్కనీ కుడి చివర నిలబడి మెడ చాచితే రెండు భవనాల సందున అరచేతి వెడల్పున సముద్రం ఉంది. అది చూపించి కుర్రాడు, "ఇదే సార్ వ్యూ" అన్నాడు, తనూ కొంచెం సిగ్గుపడుతూ.

ఈత కొలను అడుగున పాచి నీళ్లు. మరమ్మతులట. కుళాయిలో వేడి నీళ్లు తుప్పు రంగులో వచ్చాయి. 'మెడిటరేనియన్ విందు'లో పాస్తా, గోబీ మంచూరియా, పనీర్, చప్పటి చేప ముక్క. అమ్మ ఒక తుంపు నోట్లో పెట్టుకుని, "ఇది ఏ సముద్రం చేపరా?" అంది. కనుక్కుంటే బాసా. వియత్నాంలో మెకాంగ్ నది ప్రాంతపు చెరువుల్లో పెంచి, గడ్డకట్టించి ఎగుమతి చేసే జెల్ల జాతి చేప. అలివి వల లాగే పల్లె అక్కడికి రెండు కిలోమీటర్లు!

బీచ్‌కి దారి ఉంది. వెనక గోడలో ఇనుప తలుపు, దానికి తాళం. ఉదయం రెండు గంటలు, సాయంత్రం ఐదింటి దాకా తీస్తారు. ఇసుకలోకి వెళితే ఎర్ర జెండా, ఈల పట్టుకున్న కాపలాదారు. మోకాళ్ల లోతు దాటనివ్వడు. ఈ విషయంలో అతన్ని తప్పుపట్టలేం. ఏజియన్ సముద్రంలో ఆటుపోట్ల తేడా అంతంతమాత్రం, కెరటాల దూకుడు తక్కువ. బంగాళాఖాతం అలా కాదు. ఈ తీరంలో చాలాచోట్ల నాలుగడుగులకే లోతు పడిపోతుంది. కెరటం వెనక్కి తగ్గేటప్పుడు లోపలికి లాగేసే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. గ్రీకు గోడకు నకలు తీయగలిగారు కానీ గ్రీకు సముద్రానికి కాదు.

కడ్డీ చెప్పిన కథ

రెండో రోజు పొద్దున్నే బాల్కనీ కింద నిలబడి పైకి చూశాను. తెల్ల రంగు మీద గోధుమ రంగు చారలు. ఒకచోట సిమెంటు ఊడిపడి లోపలి కడ్డీ పొరలు పొరలుగా ఉబ్బి కనిపించింది. మా వ్యాపారం అదే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఉప్పు గాలిలోని క్లోరైడ్ కాంక్రీటులోకి ఇంకి ఉక్కును చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట కడ్డీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర చాలు కానీ, సముద్ర తీరంలో 45, కెరటాల తుంపర పడే చోట 50 ఉండాలి. ఇక్కడ నా బొటనవేలి గోరు అంత కూడా లేదు. ఆ కడ్డీ ఉర్లాలో తయారైందో లేదో తెలియదు. అయి ఉంటే ఆశ్చర్యం లేదు.

అసలు శాంటోరినిలో ఆ తెలుపు అలంకారం కోసం మొదలవలేదు. సున్నం ఎండను తిప్పికొడుతుంది, క్రిములను చంపుతుంది, చవక. నీలి గుమ్మటాలు చాలావరకు చర్చిలవి. అగ్నిపర్వతం పేలి మిగిలిన ఆ దీవిలో పేరున్న బీచ్‌ల ఇసుక నలుపు. అక్కడికి వెళ్లినవాళ్లకూ నిరాశలు తక్కువేం కాదు. పదిహేను వేల చిల్లర జనాభా ఉన్న దీవికి 2023లో వచ్చిన సందర్శకులు దాదాపు 34 లక్షలు. ఓడల్లో వచ్చే జనాన్ని 2025 నుంచి రోజుకు 8,000కు పరిమితం చేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో వరుస భూకంపాలతో వేలమంది దీవి వదిలి వెళ్లారు. అంటే మేము డబ్బు పెట్టి కొన్నది ఒక బొమ్మకు బొమ్మ.

నిజానికి గ్రీకుల జాడ కావాలంటే ఈ తీరానికి నకలు అక్కర్లేదు. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే నావికుల పుస్తకం ఆంధ్ర తీరపు సన్నని బట్టల గురించి చెప్పింది. రిసార్టుకు దగ్గరలోని తొట్లకొండ మీద, నౌకాదళం 1976లో స్థలం సర్వే చేస్తుండగా బయటపడిన బౌద్ధారామంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ కొండ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. పైసా 'వ్యూ' ఛార్జీ లేదు.

రేవు దారి

మూడో రోజు పొద్దున్న అమ్మ తన సంచి సర్దుకుని కుర్చీలో కూర్చుంది. "ఒరే, మీ మావయ్య ఊరు ఇక్కడికి రెండు మైళ్లు. నన్నక్కడ దింపెయ్యి నాయనా. డబ్బులు కట్టేవు కదా, మీరు ఇక్కడే ఉండండి" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మూడు రోజుల్లో ఆమె అడిగిన మొదటి కోరిక అది. అసలు బయల్దేరక ముందే నేను అడిగి ఉండాల్సిన మాట అది.

అందరం వెళ్లాం. మావయ్య పోయి నాలుగేళ్లయింది. బావ, అక్క ఎదురొచ్చారు. "రిసార్టులో దిగేరంట కదా" అన్నాడు బావ నవ్వుతూ. నేను తల దించుకున్నాను. రేవుకు వెళ్లే దారిని రెండు చోట్ల ప్రహరీలు కుదించేశాయి. ఒకచోట మనిషి మాత్రమే పట్టే సందు మిగిలింది. వల భుజాన వేసుకుని ఆ సందులో నడవాలంటే పక్కవాటుగా వెళ్లాలి. 1991 నుంచి అమల్లో ఉన్న తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలకు హద్దులు పెట్టాయి. 2019లో కొన్ని హద్దులను సడలించారు కూడా. వాటిలో ఏ నిబంధన ఏ గోడకు వర్తిస్తుందో బావకు తెలియదు. "పడవ ఎక్కడ లాగాలన్నదే మా గోల" అన్నాడు. రిసార్టు గోడకు ఇటువైపు నేను చూసిన నష్టం మూడు రాత్రుల డబ్బు. అటువైపు నష్టం వాళ్ల దారి.

ఇసుక మీద నెత్తళ్లు ఆరబెట్టారు. అమ్మ చెప్పులు విడిచి, ఎవరి సాయం లేకుండా తడి ఇసుక దాకా నడిచి చతికిలబడింది. కెరటం కాళ్లను తడిపి వెళ్లింది. హిందీలోనే ఎక్కువ మాట్లాడే మా అమ్మాయి పక్కన కూర్చుని, "మామ్మా, దీన్నేమంటారు, దాన్నేమంటారు" అని ఒక్కొక్కటే అడిగింది. తెప్ప, తెడ్డు, అలివి, కవళ్లు. అమ్మ మధ్యాహ్నం దాకా లేవలేదు. దగ్గు తగ్గిందని చెప్పను. ఒక్కపూటలో తగ్గే దగ్గు కాదది.

ఆ సాయంత్రం విశాఖ పాతబస్తీలో మరో చుట్టం ఇంటికి వెళ్లాం. అమ్మ కిటికీ గడప మీద వేలు రాసి చూసుకుంది. నలుపు. రేవులో దిగే, ఎక్కే బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఈ పాత వీధుల్లో దశాబ్దాల సమస్య. ఆ ఖనిజంలో బైలదిల్లా కొండలది కూడా ఉంది. జపాన్‌కు ఎగుమతి కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గం మీదే అది దిగుతుంది. "మన దుమ్ము మనకన్నా ముందొచ్చేసినాదిరా" అంది అమ్మ.

వెళ్లేవాళ్లకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు. గది కిటికీలోంచి ఆ రోజు తీసిన ఫొటో అడగండి. బీచ్‌కి తలుపు ఎప్పుడు తీస్తారో, అక్కడ నీళ్లలో దిగనిస్తారో లేదో అడగండి. ఈత కొలను పనిచేస్తోందో లేదో అడగండి. అన్నింటికన్నా ముందు, ఎవరి కోసం వెళుతున్నారో వాళ్లను అడగండి.

ఖాళీ చేసేటప్పుడు మేనేజరు క్షమాపణలు చెప్పి, మళ్లీ వస్తే పది శాతం తగ్గింపు అంటూ ఒక కూపన్ చేతిలో పెట్టాడు. గడువు ఆరు నెలలు. తిరుగు రైల్లో మా బోగీ అంతా బావ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ల వాసన. ఎదుటి బెర్తు ఆయన ముక్కు మూసుకున్నాడు. తెల్లారి ఉర్లాలో దిగి, అమ్మ చీపురు తీసుకుని మేడ మీదికి వెళ్లింది. నేను ఆమె చేతిలోంచి చీపురు తీసుకున్నాను. ఈసారి ఎప్పుడు వెళదామని అడిగాను. "సంక్రాంతికి. గది వద్దు, టిక్కెట్టు తియ్యి" అంది.