సైకిలు నేర్చుట

పిల్లలకు ధైర్యము చెప్పుట సులభమని తలంచువారిలో మేమును ఒకరము. మొన్నటి వేసవిలో మనుమరాలు మాకు నేర్పిన పాఠముతో ఆ తలంపు వదలుకొంటిమి.

మా కాపురము కృష్ణా మెట్టసీమలోని జగ్గయ్యపేట. పిల్లకు తొమ్మిదేండ్లు నిండగానే క్రొత్త సైకిలు కొనితెచ్చితిమి. పిల్ల దానిని తుడిచెను, గంట మ్రోగించెను. ఎక్కుమనగానే వెనుకకు తగ్గెను. మా తొందరకు వేఱొక కారణము కలదు. దాని తల్లి చిన్ననాడు సైకిలు కావలెనని యడుగగా, "ఆడపిల్లకు సైకిలేల?" అని త్రోసిపుచ్చినవారము మేమే. 1990ల తొలినాళ్లలో తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాయందు అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరని చదివి, భళీ యన్నవారమును మేమే. మెప్పు పొరుగు రాష్ట్రమునకు, నిషేధము సొంత యింటికి! ఆ తప్పు దిద్దుకొన నెంచి మనుమరాలిని తొందరపెట్టితిమి. మా ప్రాయశ్చిత్తము పిల్ల చేయవలసి వచ్చెను.

లోకులు చేయునదే మేమును చేసితిమి. సీటు వెనుక పట్టుకొని, "వదలనమ్మా, భయము లేదు" అనుచు పరుగెత్తి, కొంతదూరము పోయిన పిమ్మట చెప్పకుండ వదలితిమి. పిల్ల చక్కగానే పోయెను. అంతలో వెనుకకు చూచెను, మేము లేము. పడెను. మోకాలు గీరుకొనిపోయెను. అరుగుల మీదివారు నవ్విరి, మేమును నవ్వితిమి. అది యేడువలేదు. "పట్టుకొంటానని చెప్పి యెందుకు వదిలావు తాతయ్యా?" అని మాత్రమడిగెను. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరును ఒక పట్టణముగా నిలిపిన చోట, ఈ తాత మాట ఇరువది గజములైనను నిలువలేదు. నెల దినములు ఆ సైకిలు గోడకు చేరగిలబడి యుండెను.

సెలవులలో నందిగామకు, మా చెల్లెలి యింటికి పోయితిమి. అచ్చట వారి మనుమని పాత సైకిలు కలదు. గాలి కొట్టించుటకు తీసికొనిపోగా, దుకాణపు ముసలి మేస్త్రీ మా సంగతి విని, పానా తీసి రెండు పెడళ్లను విప్పెను. పిల్ల పాదములు నేలకు పూర్తిగా ఆనునంత సీటును దించెను. "ముందు నడవనీయండి బాబూ, తొక్కడం తరువాత" అనెను.

ఆలోచింపగా, లోకము సైకిలు నేర్చినదియు ఈ వరుసనే. 1817లో జర్మనీ దేశమున కార్ల్ వాన్ డ్రైస్ నడపిన రెండు చక్రముల బండికి పెడళ్లు లేవు. పాదములతో నేలను తన్నుచు పోవలసినదే. పెడళ్ల బండ్లు ప్రచారమునకు వచ్చుట 1860ల మాట. పెద్దలకు నలువదేండ్లకు పైగా పట్టిన రెండు పాఠములను ఒక్క ఉదయమున నేర్వుమని పిల్లను గద్దించుట న్యాయమా? ఎటు ఒరిగిన అటే హ్యాండిలు త్రిప్పవలెనను రహస్యము మాటలకు పట్టుపడదు. కాలు నేలకందునను నమ్మకము గలిగిన దేహము దానిని తనంతట కనుగొనును.

రహదారికి దూరముగా ఒక ఖాళీ స్థలమున, నాలుగు సాయంకాలములు పిల్ల సైకిలుపై నడచెను. పిదప పాదములెత్తి జారెను. అయిదవనాడు తానే పెడళ్లు బిగింపుమనెను. "పట్టుకో తాతయ్యా. నేను చెప్పినప్పుడే వదలాలి." మాట యిచ్చితిమి. రొప్పుచు మూడు మారులు పరుగెత్తితిమి, వదలుమనలేదు. నాలుగవ మారు "ఇక వదులు" అనెను. వదలితిమి.

పిల్లలు గల చదువరులకు మా మనవి యొకటే. పిల్ల భయపడునది యెల్లప్పుడు పడుటకు కాదు. మన మాట నిలువదేమో యని కూడ.

జగ్గయ్యపేటకు మరలిన పిమ్మట, వీధిలో సైకిలు త్రొక్కు కూతురిని గడపలో నిలిచి తల్లి చూచుచుండెను. "నీవును నేర్తువా అమ్మా?" అని అడిగితిమి. "ఇప్పుడా నాన్నా?" అని నవ్వెను. ఆ ప్రశ్న ముప్పదియేండ్ల నాడు అడుగవలసినది.