తాత చర్చి – మనవడి గంట

భారీ సెట్టింగులు చూసి నోరు వెళ్ళబెట్టే అలవాటు నాది. ఫిన్లాండులోని పెతయావెసి పల్లెలో పాత లూథరన్ చర్చి చూశాక అవన్నీ వెలవెలబోయాయంటే నమ్మండి!

1763–65లో యాకో లెప్పానెన్ అనే మేస్త్రి దీన్ని దుంగల్తో కట్టాడు. సిలువ ఆకారం, పైన కమాను కప్పు, నడిమధ్య గుమ్మటం. రాతి చర్చిల సోకునంతా కర్రలోకి దించేశాడన్నమాట! లోపల గోడలకి రంగుల్లేవు. తేనెరంగు తిరిగిన కర్రే అందం. ప్రసంగ వేదికను మోస్తూ క్రిస్టఫర్ బొమ్మ! 1821లో మనవడు ఎర్కి గంట గోపురం చేర్చాడు. వారసత్వమంటే అదీ!

1879లో కొత్త చర్చి రాగానే, పాత హీరోని మరిచినట్టు ఊరు దీన్ని వదిలేసింది. 1920లలో ఆస్ట్రియా పండితుడొకాయన మెచ్చాకే మరమ్మతులు మొదలయ్యాయి. 1994లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు వేసవిలో అక్కడ పెళ్ళిళ్ళు!

పైవాడొచ్చి చెప్పేదాకా పెరటి చెట్టు విలువ తెలియదు కదూ?